దారి చూపే పరికరం కొనేముందు మన ఊరి పేరు అడగండి

(కలిగిరిలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మా రవాణా విభాగానికి పలు సంఘాల నుంచి ఒకే ప్రశ్న వస్తున్నది. "కారుకు దారి చూపే జీపీఎస్ పరికరం కొందామనుకుంటున్నాం. ఏది కొనమంటారు?" అని. కొందరు సంఘం పని మీద తిరిగే కారుకు కావాలంటున్నారు. కొందరు పాల వ్యానుకు పెట్టుకోవచ్చునా అని అడుగుతున్నారు. చెన్నైలోనో, బెంగుళూరులోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరకు సొంత కారులో పోయి వచ్చే సభ్యులు తమ కోసం అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా జవాబులు రాసే బదులు, ఈ సమావేశంలోనే వివరంగా చెప్పడం మంచిదని అనుకున్నాం.

ముందుగా ఒక మాట. బర్రెను కొనేటప్పుడు మనం దాని నిగనిగ చూసి మోసపోము. పూటకు ఎన్ని పాలు ఇస్తుందో రెండు పూటలు దగ్గర ఉండి పిండించి చూసి గాని బేరం కుదుర్చుకోము. దారి చూపే పరికరానికి కూడా అదే పద్ధతి. తెర ఎంత పెద్దది, రంగు ఎంత బాగున్నది అనేవి నిగనిగ వంటివి. అది మన ఊరికి, మన పల్లెకు, మన పాల కేంద్రానికి దారి చెబుతుందా లేదా అన్నదే పాల లెక్క. డబ్బు చెల్లించకముందే ఆ లెక్క చూసుకోవాలి.

ఇందులో మనకు నష్టపడేది ఏమిటని కొందరు అనుకోవచ్చు. ఒక పాల వ్యానులో నలభై లీటర్ల క్యాన్లు ఇరవై అయిదు ఉన్నాయనుకోండి. వెయ్యి లీటర్లు. ఇంటికి అయిదు లీటర్ల చొప్పున వేసుకుంటే రెండు వందల ఇళ్ళ పాలు ఆ ఒక్క వ్యానులో ఉన్నాయి. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే క్యానులోకి వస్తాయి. వాటిని వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచాలి. రోహిణి కార్తె ఎండల్లో కొత్త డ్రైవరు దారి తప్పి రెండు గంటలు తిరిగితే ఆ పాలు శీతలీకరణ కేంద్రంలో మరిగించే పరీక్షకు నిలవవు, విరిగిపోతాయి. ఆ పూట రెండు వందల ఇళ్ళ కష్టం కాలవలో పోయినట్లే. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగిన బర్రె కోసం పిలిచిన పశువైద్యుడు వేరే ఊరికి పోతే, ఆ ఇంటివారికి కలిగే నష్టం వేరే చెప్పనక్కరలేదు.

పెట్టె వేరు, పటం వేరు

జీపీఎస్ అంటే అమెరికా ప్రభుత్వం నడుపుతున్న ఉపగ్రహాల వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ముప్ఫయి దాకా ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్క దానిలో అతి ఖచ్చితమైన అణు గడియారం ఉంటుంది. "ఇప్పుడు నా గడియారంలో సమయం ఇంత, నేను ఉన్న చోటు ఇది" అని అవి ఎడతెగకుండా సంకేతాలు పంపుతుంటాయి. ఆ సంకేతం మన దగ్గరకు రావడానికి సెకనులో పదిహేనో వంతు కాలం పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో పరికరం లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల లెక్క కలిస్తే మనం నిలబడిన చోటు తేలుతుంది. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకే అంత ఖచ్చితమైన గడియారాలు పెట్టారు.

మొదట ఇది సైన్యం కోసం ఏర్పడిన వ్యవస్థ. 1983 సెప్టెంబరులో దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధ విమానం కూల్చివేసింది. 269 మంది చనిపోయారు. ఆ తర్వాతనే ఈ వ్యవస్థను సామాన్య ప్రజలకు కూడా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. అయినా ప్రజలకు అందే సంకేతాన్ని కావాలని కొంత చెడగొట్టి ఇచ్చేవారు. 2000 సంవత్సరం మే నెలలో అది మానుకున్నారు. కారులో దారి చూపే పరికరాలు ప్రపంచమంతటా అంగళ్ళలోకి రావడానికి అది పెద్ద కారణం.

మన దేశానికి కూడా సొంత వ్యవస్థ ఉన్నది. దాని పేరు నావిక్. 2022 ఏప్రిల్ వరకు మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచే ఆ ఉపగ్రహాలను పంపారు. 2013 జూలై 1న మొదటిది, 2016 ఏప్రిల్ 28న ఏడవది వెళ్ళాయి. వాటిలో కొన్నిటి గడియారాలు తర్వాత పాడయ్యాయి. 2023 మే 29న కొత్త తరం ఉపగ్రహాన్ని మన దేశంలోనే తయారైన అణు గడియారంతో పంపారు. 2025 జనవరి 29న పంపిన రెండవది శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగం. రాకెట్టు సక్రమంగానే పని చేసినా ఆ ఉపగ్రహం తన అసలు కక్ష్యకు చేరలేకపోయింది. ఇది చెప్పడంలో మా ఉద్దేశం ఒక్కటే. పరికరం మీద 'నావిక్' అని రాసి ఉన్నంత మాత్రాన ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. జీపీఎస్‌తో పాటు నావిక్ కూడా అందుకోగలిగితే మంచిదే. అంతవరకే.

ఇక అసలు సంగతి. ఉపగ్రహం మనకు దారి చెప్పదు. మనం ఎక్కడ ఉన్నామో తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది, అంతే. ఏ దారి ఎటు పోతుంది, ఏ పల్లె పేరు ఏమిటి అన్నది పెట్టెలో ఉన్న పటానికి తెలియాలి. ఆ పటాన్ని గీసేది మనుషులే. ఆకాశం అందరికీ ఒక్కటే గనుక, ఏ కంపెనీ పెట్టె కొన్నా ఆరుబయట ఉన్న చోటును కొద్ది మీటర్ల తేడాలో చూపుతుంది. తేడా అంతా పటంలో ఉన్నది. గార్మిన్, మ్యాప్‌మైఇండియా వంటి కంపెనీల పరికరాలు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. హైదరాబాదులోని శాట్‌నావ్ సంస్థ శాట్‌గైడ్ అనే పటాన్ని తయారు చేసింది. ఇవన్నీ ముందు నగరాలను, జాతీయ రహదారులను గీసుకొని వచ్చాయి. వ్యాపారం ఉన్న చోటికి పటం ముందుగా పోతుంది. మెట్ట ప్రాంతంలో ఇరవై ఇళ్ళు ఉన్న పల్లెకు చివరగా వస్తుంది. అది ఎవరి తప్పూ అని మేము అనడం లేదు. కొనేవారు మాత్రం తెలిసి కొనాలి.

పేరొకటే, ఊళ్ళు వేరు

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. పేర్ల చిక్కు.

మన పక్కన ఉన్నది కొండాపురం. గండికోట దగ్గర కడప జిల్లాలో ఉన్నదీ కొండాపురమే. రెండూ మండల కేంద్రాలే. రెండింటికీ మధ్య నేరుగా కొలిచినా 150 కిలోమీటర్లకు పైగా దూరం.

ఆత్మకూరు సంగతి చూడండి. మన జిల్లాలో ఒక ఆత్మకూరు. శ్రీశైలం అడవి అంచున నంద్యాల జిల్లాలో ఒకటి. అనంతపురం జిల్లాలో ఒకటి. తెలంగాణలో వనపర్తి జిల్లాలో ఒకటి, వరంగల్లు పక్కన ఒకటి, యాదాద్రి జిల్లాలో ఒకటి. ఇవి మండల కేంద్రాలు మాత్రమే. ఉదయగిరి అని కొడితే ఒడిశాలోని గుహలు, మధ్యప్రదేశ్‌లోని గుహలు కూడా ముందుకు వస్తాయి.

మన కలిగిరికి మరీ దగ్గరి బంధువు ఉన్నది. చిత్తూరు సీమలో కలికిరి. ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఒక్క అక్షరమే తేడా. అక్కడా పాడి ఉన్నది, ఇక్కడా పాడి ఉన్నది. దాణా లోడు తెచ్చే లారీ డ్రైవరు ఇతర రాష్ట్రంవాడైతే, ఆ ఒక్క అక్షరం దగ్గర వేలు జారితే చాలు. లోడు కలికిరికి చేరుతుంది, అద్దె మనం ఇవ్వవలసి వస్తుంది.

దీనికి సులభమైన విరుగుడు పిన్‌కోడు. నెల్లూరు వైపు పిన్‌కోడ్లు 524తో మొదలవుతాయి. చిత్తూరు వైపు 517, కడప వైపు 516, కర్నూలు వైపు 518. పరికరంలో ఊరిపేరు వచ్చాక, దాని కింద జిల్లా పేరో, పిన్‌కోడో చూసి గాని బండి కదిలించకూడదు. ఈ చిన్న అలవాటు డ్రైవర్లకు నేర్పితే పరికరం ఏదైనా సగం ఇబ్బంది తప్పుతుంది. సరుకు పంపమని ఉత్తరం రాసినా, ఫోను చేసినా 'కలిగిరి, నెల్లూరు జిల్లా' అని పూర్తిగా చెప్పే పద్ధతి పెట్టుకోండి.

అంగడిలో అడగవలసిన ప్రశ్నలు

పరికరం కొనడానికి కావలికో, నెల్లూరుకో పోయినప్పుడు ఈ కింది విషయాలు పరీక్షించండి.

ఒకటి. అంగడివాడు చెన్నైకో, తిరుపతికో దారి చూపించి మెప్పించబోతాడు. ఆ దారి పరికరం లేకపోయినా మనకు తెలిసినదే. మీరు అయిదు పేర్లు కాగితం మీద రాసుకొని పోండి. మీ ఊరు, మీ పాల కేంద్రం ఉన్న పల్లె, పక్క మండలంలో ఒక మారుమూల పల్లె, పశువుల ఆసుపత్రి, మీకు బాగా తెలిసిన ఒక అడ్డదారి. ఈ అయిదింటిలో ఎన్ని దొరికాయో చూడండి. రెండు కూడా దొరకకపోతే ఆ పెట్టె మన కోసం చేసింది కాదు.

రెండు. పటాన్ని కొత్తది చేసుకునే వీలు ఉన్నదా, ఎన్నేళ్ళు, అందుకు వేరే సొమ్ము కట్టాలా అని అడగండి. 'జీవితాంతం పటాలు ఉచితం' అని డబ్బా మీద ఉంటే ఎవరి జీవితం అని కూడా అడగాలి. సాధారణంగా అది కంపెనీ ఆ రకం పెట్టెను పట్టించుకున్నంత కాలమే గాని, కొన్న మనిషి జీవితం కాదు. ఆ షరతు రసీదు మీద రాయించుకోండి.

మూడు. మాట తెలుగులో చెబుతుందా అని చూడండి. డ్రైవరు తెర వైపు చూడకుండా చెవితో విని నడపాలి. భాష తెలియకపోతే ప్రతి మలుపు దగ్గర తల తిప్పి తెర చూస్తాడు. అది ప్రమాదం.

నాలుగు. కారుకు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెద్ద లారీలకు, పాల ట్యాంకర్లకు సాధారణంగా 24 వోల్టులు. కారు కోసం చేసిన ఛార్జరును ట్యాంకరులో పెడితే కాలిపోవచ్చు. రెండింటికీ పనికి వస్తుందని ఛార్జరు మీదనే రాసి ఉండాలి.

అయిదు. పెట్టెను ముందు అద్దానికి అతికించే రబ్బరు కప్పు మన ఎండలకు మెత్తబడి ఊడిపోతుంది. ఎండలో తలుపులు వేసి నిలిపిన కారులో పెట్టెను వదిలితే లోపలి బ్యాటరీ ఉబ్బిపోతుంది. దిగేటప్పుడు తీసి వెంట తీసుకొనిపోయే వీలు ఉండాలి. అద్దానికి లోహపు పూత ఉన్న కూలింగ్ పేపరు వేసి ఉంటే సంకేతం సరిగా అందదు. డ్రైవరు చూపుకు అడ్డం రాని చోటనే దాన్ని బిగించాలి.

ఆరు. ఎవరో వాడిన పాత పరికరం చవకగా వస్తుందంటే ముందు దాన్ని ఆరుబయట పెట్టి, తేదీ సరిగా చూపుతుందో లేదో చూడండి. జీపీఎస్ సంకేతంలో వారాలను 1,024 వరకే లెక్కపెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టే ఏర్పాటు ఉండేది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న మరొకసారి ఆ లెక్క తిరగబడింది. సవరణ జరగని పాత పెట్టెలు అప్పటి నుంచి దాదాపు ఇరవై ఏళ్ళ వెనకటి తేదీ చూపుతున్నాయి, కొన్ని సరిగా పని చేయడమే మానుకున్నాయి. తేదీ తప్పు చూపే పెట్టెకు పావలా కూడా ఇవ్వవద్దు.

ఏడు. 'నావిగేటరు' వేరు, 'ట్రాకరు' వేరు. నావిగేటరు డ్రైవరుకు దారి చెబుతుంది. ట్రాకరుకు తెర ఉండదు. బండి ఎక్కడ ఉన్నదో ఆఫీసులో కూర్చున్నవారికి అది చెబుతుంది. దానికి సిమ్ కార్డు వేయాలి, నెల నెలా ఖర్చు ఉంటుంది. పాల ట్యాంకరు దారిలో ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అని తెలియాలంటే ట్రాకరు కావాలి. రెండింటినీ జీపీఎస్ అనే పిలుస్తారు గనుక, 'జీపీఎస్ ఇవ్వండి' అని అడగకుండా, ఏ పనికి కావాలో చెప్పి అడగండి.

ఫోను చాలదా?

ఇది సభ్యులందరూ అడిగే ప్రశ్న. నిజం చెప్పాలంటే, చాలామందికి చాలు. పదిహేనేళ్ళ కిందట కారుకు వేరే పెట్టె కొనవలసి వచ్చేది. ఇప్పుడు చేతి ఫోనులోనే ఉపగ్రహ సంకేతం అందుకునే ఏర్పాటు, పటం, మాట అన్నీ ఉన్నాయి. అందుకే అంగళ్ళలో విడి పెట్టెలు బాగా తగ్గిపోయాయి. సంఘం సొమ్ముతో కొత్త పెట్టె కొనే ముందు, ఒక గట్టి స్టాండు, ఒక మంచి ఛార్జరు కొని ఫోనుతోనే నెల రోజులు నడిపి చూడమని మా సలహా.

అయితే ఫోను విషయంలో ఒక అపోహ తొలగించాలి. ఫోనుకు సిగ్నలు లేకపోతే జీపీఎస్ కూడా ఉండదని చాలామంది అనుకుంటున్నారు. అది సరికాదు. చోటు తెలిసేది ఉపగ్రహం నుంచి. దానికి ఫోను కంపెనీ టవరుతో పని లేదు. టవరు కావలసినది పటం దించుకోవడానికి. సీతారామపురం వైపు వెలికొండల దారిలో సిగ్నలు పోయినప్పుడు తెర తెల్లబోవడానికి కారణం అదే. కాబట్టి బయలుదేరే ముందే, ఇంట్లో సిగ్నలు ఉన్నప్పుడే, పోయే ప్రాంతపు పటాన్ని ఫోనులోకి దించి భద్రపరచుకోవాలి. అప్పుడు టవరు లేకపోయినా దారి చెబుతుంది. టవరు లేని చోట ఫోను కట్టేసి మళ్ళీ వేస్తే చోటు పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆకాశం బాగా కనిపించే చోట ఆపి ఓపిక పట్టాలి.

విడి పెట్టె ఎవరికి కావాలి? రోజంతా బండి మీదనే ఉండేవారికి, దారి మధ్యలో ఫోన్లు ఎక్కువ వచ్చేవారికి, డ్రైవర్లు మారుతుండే బండికి. డ్రైవరు సెలవు పెడితే అతని ఫోను అతనితో పోతుంది, అందులోని చోట్లూ పోతాయి. పెట్టె అయితే బండిలోనే ఉంటుంది, కొత్త డ్రైవరుకు పనికి వస్తుంది. ఈ ఒక్క సౌకర్యం కోసం పాల వ్యానుకు విడి పెట్టె కొనడం తప్పు కాదు.

చట్టం విషయం కూడా తెలుసుకోండి. బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే జరిమానా ఉన్నది. 2020 అక్టోబరు నుంచి వచ్చిన సవరణ ప్రకారం, దారి తెలుసుకోవడానికి మాత్రం, నడిపేవారి ఏకాగ్రత చెడకుండా, పరికరాన్ని వాడవచ్చు. అంటే స్టాండులో ఉంచి వినడానికే గాని, ఒక చేత స్టీరింగు, ఒక చేత ఫోను పట్టి వేలితో వెతకడానికి కాదు. ఊరిపేరు కొట్టే పని బండి కదలక ముందే పూర్తి కావాలి.

చోటుకు అంకెలు

పటంలో మన పల్లె పేరు లేకపోతే చేతులు ముడుచుకోవలసిన పని లేదు. భూమి మీద ప్రతి చోటుకు రెండు అంకెలు ఉన్నాయి, అక్షాంశం, రేఖాంశం. మన కలిగిరి సుమారు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. ఈ అంకెలకు ఊరిపేరుతో, భాషతో, అక్షరదోషంతో పని లేదు. పాల కేంద్రం గడప దగ్గర నిలబడి ఫోనులో ఆ రెండు అంకెలు చూసి రాసుకుంటే, ప్రపంచంలో ఎవరైనా ఆ గడపకు రావచ్చు. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు రాస్తే చాలు, పదకొండు మీటర్ల లోపు తేడాతో చోటు దొరుకుతుంది.

రాయడంలో మూడు జాగ్రత్తలు. మొదటిది, అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత రాయాలి. తారుమారు చేస్తే కలిగిరి కాస్తా ఉత్తర ధ్రువం దగ్గర నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచు దీవులలోకి పోతుంది. అక్కడ పాలు చల్లబరచడానికి ఇబ్బంది ఉండదు గాని, పోయి రావడమే కష్టం. రెండవది, డిగ్రీలు-నిమిషాలు అనే పద్ధతిని, దశాంశ పద్ధతిని కలపకూడదు. 14 డిగ్రీల 50 నిమిషాలు అంటే దశాంశంలో 14.83. దాన్ని 14.50 అని రాస్తే చోటు 37 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి పెన్నా నది అవతల పడుతుంది. మూడవది, రాసిన అంకెలను మరొకరి ఫోనులో కొట్టి సరిచూడాలి. లెక్కల పుస్తకాన్ని ఒకరు రాస్తే మరొకరు తనిఖీ చేసినట్లే.

అంకెలు రాసుకోవడం కష్టమనుకునేవారికి మరొక పద్ధతి వచ్చింది. 2025లో తపాలా శాఖ డిజిపిన్ అనే గుర్తును తెచ్చింది. ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ దాని తయారీలో పాలు పంచుకున్నాయి. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క గడికి పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. మన పశువుల కొట్టానికి కూడా ఒక గుర్తు ఉన్నదన్న మాట.

1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిచినప్పుడు, "చింతచెట్టు దగ్గర కుడివైపు తిరగండి" అని చెప్పినా వినేవారికి ఆ చింతచెట్టు తెలియదు. ఈ అంకెలు చేతిలో ఉంటే చెప్పేవారికీ, వచ్చేవారికీ మేలు.

నమ్మకం ఎంతవరకు

పరికరం చెప్పినదల్లా వేదవాక్కు కాదు. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ముగ్గురు మనుషులు ఉన్న కారు రామగంగ నది మీద సగం తెగిన వంతెన ఎక్కి, కింద పడింది. ముగ్గురూ చనిపోయారు. అంతకుముందు వరదకు వంతెన ఒక వైపు కొట్టుకుపోయింది. పటంలో మాత్రం అది నిండుగా ఉన్నది. తెగిన చోటికి ముందు సరైన అడ్డు కూడా లేదు.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అని ఊరుకోవద్దు. 2021 నవంబరు వరదల్లో మన పెన్నా ఏం చేసిందో చూశాం. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారే తెగింది. జాతీయ రహదారి తెగితే వార్త ఒక్క పూటలో దేశమంతా తెలుస్తుంది. మన వాగు మీద చప్టా తెగితే ఆ సంగతి పటానికి ఎవరు చెబుతారు? వాన కురిసిన రాత్రి చప్టా మీద నీళ్ళు ఎంత లోతున్నాయో ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి తెలియదు. వాగు ఒడ్డున ఉన్న గొర్రెల కాపరికి తెలుసు.

పరికరంలో 'దగ్గర దారి' అని, 'త్వరగా చేరే దారి' అని రెండు రకాలు ఉంటాయి. దగ్గర దారి పెడితే అది చెరువు కట్టలు, బండి బాటలు, పొలం డొంకలు పట్టుకొని పోమంటుంది. కిలోమీటర్లు తగ్గుతాయి గాని క్యాన్లు పొర్లిపోతాయి, బండి పట్టాలు విరుగుతాయి. పాల వ్యానుకు ఎప్పుడూ తారు రోడ్డు దారినే పెట్టాలి. వానాకాలంలో వాగు దాటవలసి వస్తే డ్రైవరు దిగి, మనిషిని అడిగి, నీళ్ళు చూసి గాని దాటకూడదు. ఆలస్యమైతే పోయేది ఒక పూట పాలు. డ్రైవరు ప్రాణానికి వెల లేదు. ఈ మాట ప్రతి సంఘం తన డ్రైవరుకు నోటితో చెప్పడమే కాక, బండిలో రాసి అంటించాలని కోరుతున్నాం.

సంఘాలు చేయవలసిన పని

పై విషయాలన్నీ కలిపి చూస్తే సభ్యులకు మేము చెప్పదలచినది ఇది. పెట్టె కొనడం సగం పని. మన ఊళ్ళను అందులో పెట్టుకోవడం మిగతా సగం. ఈ రెండవ సగం ఏ అంగడిలోనూ దొరకదు, ఏ కంపెనీ వచ్చి చేసి పెట్టదు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పటాల తయారీ మీద ఉన్న పాత ఆంక్షలను చాలావరకు తొలగించింది. ఫోను పటాల్లో కూడా లేని చోటును చేర్చమని, తప్పు పేరును దిద్దమని ఎవరైనా పంపవచ్చు. కనుక మన ఊరు పటంలో లేదని నిందించే కన్నా, ఎక్కించే పని మనమే చేపట్టవచ్చు.

ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టాలని మా మనవి. పాల కేంద్రం, శీతలీకరణ కేంద్రం, పశువుల ఆసుపత్రి, కృత్రిమ గర్భధారణ కేంద్రం, దాణా గోడౌను, దారిలో పెట్రోలు బంకు, బండి మరమ్మతు షెడ్డు, వానకు మునిగే చప్టాలు, వాటికి ప్రత్యామ్నాయంగా తిరిగి పోవలసిన దారి, వీటన్నిటి పేర్లు తెలుగులోను, ఇంగ్లీషు అక్షరాలలోను రాసి, ఎదురుగా అక్షాంశం, రేఖాంశం, పిన్‌కోడు వేయాలి. చదువుకుంటున్న మీ పిల్లలకు ఈ పని అప్పగించండి. ఫోను పట్టుకొని పాల వ్యాను వెంట ఒక ఉదయం, ఒక సాయంత్రం తిరిగితే ఒక దారి పూర్తవుతుంది. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక కలం.

ఆ పుస్తకం తయారయ్యాక అంగడికి పోండి. అందులో నుంచి అయిదు చోట్లు తీసి పరికరాన్ని పరీక్షించండి. అవి చెప్పగలిగిన పెట్టెనే కొనండి. చెప్పలేకపోతే ఫోనుతోనే నడుపుకోండి, సంఘం సొమ్ము మిగులుతుంది. ఏ పెట్టె కొన్నా, కొనకపోయినా, ఆ పుస్తకం మాత్రం సంఘానికి ఆస్తిగా మిగిలిపోతుంది. పెట్టెలు మారతాయి, ఫోన్లు మారతాయి, డ్రైవర్లు మారతారు. పాల కేంద్రం గడప అంకెలు మారవు.

పుస్తకం పూర్తి చేసిన సంఘాలు ఒక నకలు మా రవాణా విభాగానికి పంపితే, పక్క సంఘాల బండ్లకు కూడా ఆ చోట్లు అందజేస్తాము.